కంప్యూటర్ ఆన్ చేయగానే ఆగకుండా బీప్‌లు: లోపం ఎస్‌ఎంపీఎస్‌దేనా, ఎలా తేల్చుకోవాలి?

డీటీపీ_కర్నూలు (కర్నూలు) రాశారు:

అందరికీ నమస్కారం. కర్నూలు పాత బస్టాండు వైపు మాకొక చిన్న డీటీపీ కేంద్రం ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీల డిజైన్లు చేస్తుంటాము. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత పనులన్నీ ఒక అసెంబుల్డ్ కంప్యూటర్‌లోనే ఉండడం వల్ల దాన్ని ఇప్పటిదాకా మార్చలేదు. కొంతకాలంగా ఉదయం దుకాణం తెరిచి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ముందున్న లైటు వెలుగుతోంది, కాని తెర మీద ఏమీ రావడం లేదు. లోపలి నుంచి పొట్టి పొట్టి బీప్‌లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఆపి, కాసేపాగి, మళ్లీ ఆన్ చేస్తూ పోతే ఎప్పటికో మామూలుగా పైకి వస్తుంది. ఒకసారి వచ్చాక రాత్రి కట్టేసేదాకా ఏ ఇబ్బందీ ఉండదు.

ఒక దుకాణంలో చూపిస్తే, మూత విప్పకుండానే, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె) బీప్ కొడుతోంది కాబట్టి మార్చేయమన్నారు. ఇంకొక చోట మదర్‌బోర్డు పోయిందన్నారు. వైశాఖ ముహూర్తాల పని చేతి నిండా ఉన్నందున యంత్రాన్ని రోజుల తరబడి ఎక్కడా వదిలి రాలేను. ఏది చెడిందో తెలియకుండా కొత్తది కొనడమూ ఇష్టం లేదు. వివరాలు ఇవి. బోర్డులో పాత అవార్డ్ కంపెనీ బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఉంది, మానిటర్ తీగ తగిలించే చోటు బోర్డులోనే ఉంది. అయితే ఫ్లెక్సీ పనుల కోసం, ఆరు పిన్నుల పవర్ తీగ అవసరమయ్యే గ్రాఫిక్స్ కార్డు ఒకటి తరువాత చేర్చాము. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంది. దానికి ముందు 600 వీఏ యూపీఎస్ ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

బండల_పాలిష్ (తాడిపత్రి) రాశారు:

ముందుగా ఆ శబ్దం నిజంగా క్యాబినెట్ లోపలి నుంచే వస్తోందా అన్నది తేల్చుకోండి. మా బండల ఫ్యాక్టరీ ఆఫీసులో ఇలాగే కంప్యూటర్ కూస్తోందని అందరూ అనుకున్నారు, తీరా చూస్తే కూస్తున్నది బల్ల కింద ఉన్న యూపీఎస్. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు అది కొన్ని సెకన్లకొకసారి కూస్తుంది, బ్యాటరీ అడుగంటినప్పుడు త్వరత్వరగా కూస్తుంది, మోయగలిగినంతకు మించి లోడు పడితే చాలా రకాల్లో ఆగకుండా కూస్తుంది. వోల్టేజి తగ్గినా కరెంటు పోయినట్లే భావించి బ్యాటరీకి మారే యూపీఎస్‌లు ఉన్నాయి. కాబట్టి ఒకసారి యూపీఎస్‌ను పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు కలిపి చూడండి. అప్పుడూ అదే శబ్దం వస్తే యూపీఎస్‌కు సంబంధం లేనట్లే.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) రాశారు:

నా అనుభవంలో ఆన్ చేయగానే బీప్‌లు వస్తే పదింట తొమ్మిదిసార్లు ర్యామ్ దగ్గరే తేలుతుంది. ప్లగ్గు తీసేసి, ర్యామ్ పలకను ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు లేకుండా తుడిచి, రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కి పెట్టండి. మన ఊరి దుమ్ముకు ఈ పని ఏడాదికొకసారైనా తప్పదు. ఖర్చు లేని పని కాబట్టి ఎస్‌ఎంపీఎస్ జోలికి పోయే ముందు ఇది చేయడం మంచిది.

రిపేరు_బల్ల (కడప) రాశారు:

కడపలో కంప్యూటర్లు బాగు చేయడమే నా వృత్తి. పై ఇద్దరు మిత్రులు చెప్పినవీ చేయదగిన పనులే. కాని మీకు ఆ దుకాణంలో చెప్పిన మాటలో ఒక మౌలికమైన పొరపాటు ఉంది, దాన్ని ముందు సరిచేసుకుంటే మిగతాది సులభమవుతుంది. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో బీప్ కొట్టే భాగమంటూ ఏదీ ఉండదు. అందులో నుంచి సన్నని ఈల వంటి కీచు శబ్దం రావచ్చు, ఫ్యాన్ గరగరలాడవచ్చు, రిలే టక్కుమనవచ్చు. లెక్క ప్రకారం వినిపించే బీప్‌లు మాత్రం మదర్‌బోర్డుకు తగిలించిన చిన్న స్పీకర్ లేదా బోర్డు మీది నల్లటి గుండ్రని బజర్ నుంచి వస్తాయి. కొన్ని పాత గ్రాఫిక్స్ కార్డులకు సొంత బజర్ ఉండేది. వాటి పవర్ తీగ తగిలించకపోతే అవీ కూసేవి.

ఇక రెండో సంగతి దీనికంటే ముఖ్యమైనది. మీరు బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలన్నింటినీ పైకి తెచ్చి, అవి కుదురుకున్నాక సెకనులో పదో వంతు నుంచి సగం లోపల బూడిద రంగు తీగ మీద పవర్ గుడ్ అనే సంకేతాన్ని బోర్డుకు పంపుతుంది. ఆ సంకేతం అందేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే ఆపి ఉంచుతుంది. ప్రాసెసర్ కదిలి, బయోస్‌లోని మొదటి ఆదేశాలు నడిస్తేనే ఆ బీప్ పుడుతుంది. అంటే మీ యంత్రం బీప్ కొడుతున్నదంటే ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా చావలేదు, ప్రాసెసర్ బతికే ఉంది, బోర్డు చాలావరకు పని చేస్తోంది అని అర్థం. బోర్డు పోయిందని చెప్పిన వారి మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అయితే చావకపోవడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. గిగాబైట్ కంపెనీ బోర్డుల పాత కరదీపికల్లో ఇచ్చిన అవార్డ్ బయోస్ పట్టిక ప్రకారం ఒక పొట్టి బీప్ వస్తే అంతా సవ్యం. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే మానిటర్ లేదా గ్రాఫిక్స్ కార్డు లోపం. ఒక పొడుగు, ఒక పొట్టి అయితే ర్యామ్ లేదా బోర్డు. పొడుగు బీప్‌లు ఆగకుండా వస్తే గ్రాఫిక్స్ కార్డు సరిగా కూర్చోలేదు, పొట్టి బీప్‌లు ఆగకుండా వస్తే పవర్ లోపం. ఈ చివరిదే మీరు చెప్పిన లక్షణానికి దగ్గరగా ఉంది. మొదటి ఐబీఎం పీసీల కాలంలో కూడా ఆగని పొట్టి బీప్‌లకు విద్యుత్ సరఫరా లేదా బోర్డు అనే అర్థం చెప్పేవారు. కాని ఈ పట్టిక అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఆసుస్ బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి అంటే ర్యామ్ కనబడలేదని అర్థం; మీ బోర్డు కరదీపికలో ఏముందో అదే ప్రమాణం. అందుచేత మీరు మొదట చేయవలసింది బీప్‌లను శ్రద్ధగా విని, పొడుగు ఎంత, పొట్టి ఎంత, మధ్యలో విరామం ఉందా లేదా అన్నది ఫోన్‌లో రికార్డు చేసుకోవడం.

ఆ తరువాత ప్లగ్గు తీసి ర్యామ్‌ను పూర్తిగా తొలగించి, ర్యామ్ లేకుండానే ఆన్ చేయండి. ఇప్పుడు బీప్‌ల తీరు మారిందంటే, బోర్డు తనకు ర్యామ్ లేదని గుర్తుపట్టి చెబుతున్నట్లు. తీరు మారకపోతే లోపం ర్యామ్ కంటే ముందు దశలో ఉన్నట్లు.

డీటీపీ_కర్నూలు (కర్నూలు) రాశారు:

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. చెప్పినవన్నీ వరుసగా చేశాను. యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టినా శబ్దం మారలేదు. బోర్డు మీద నాలుగు పిన్నుల స్పీకర్ తీగను ఊడదీస్తే శబ్దం ఆగిపోయింది, మళ్లీ పెడితే వచ్చింది. కాబట్టి శబ్దం బోర్డు స్పీకర్‌దే. రికార్డు చేసి వింటే అన్నీ పొట్టివే, సమానమైన ఎడంతో, మధ్యలో విరామం లేకుండా వస్తున్నాయి. ర్యామ్ అంచు శుభ్రం చేసి పెట్టినా ఫలితం లేదు. ర్యామ్ పూర్తిగా తీసేస్తే బీప్ పొడుగుగా మారింది. అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇది: గ్రాఫిక్స్ కార్డు తీసేసి, మానిటర్ తీగను బోర్డుకు కలిపితే, తెల్లవారగానే కూడా మొదటిసారికే విండోస్ వచ్చింది. అయితే గ్రాఫిక్స్ కార్డు చెడినట్లా? పగలంతా అదే కార్డు మీద పెద్ద పెద్ద ఫ్లెక్సీలు చేస్తున్నామే!

ల్యాబ్_అనంత (అనంతపురం) రాశారు:

నేను అనంతపురంలో ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో బోధకుడిని. గ్రాఫిక్స్ కార్డు చెడిందని ఇప్పుడే అనుకోవద్దు. ఆ కార్డును తీసేసినప్పుడు మీరు ఒక వస్తువును మాత్రమే కాదు, ఒక పెద్ద లోడును కూడా తీసేశారు. వ్యవసాయ మోటారు ఆన్ చేయగానే ఇంట్లో లైట్లు మసకబారడం మన పల్లెల్లో అందరూ చూసినదే. బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్ కూడా లోడు పడగానే అలాగే కుంగుతుంది. ఈ రెండింటిలో ఏది నిజమో మల్టీమీటర్ చెబుతుంది. మంచి డిజిటల్ మీటర్ ఒకటి తెచ్చుకోండి.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. క్యాబినెట్‌లో వాడకుండా వేలాడుతున్న నాలుగు పిన్నుల పాత ప్లగ్గు ఒకటి ఉంటుంది. అందులో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, రెండు నలుపులు నేల తీగలు. మీటర్ నల్ల ముల్లును నలుపులో, ఎర్ర ముల్లును పసుపులో పెట్టి, రెండు ముళ్ల లోహాలు ఒకదానికొకటి తగలకుండా కదలకుండా పట్టుకుని, కంప్యూటర్ బీప్ కొడుతున్న సమయంలోనే అంకె చూడండి. ఆపాక చూస్తే ప్రయోజనం లేదు. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఈ వోల్టేజీలు ఐదు శాతానికి మించి అటూ ఇటూ పోరాదు. అంటే 12 వోల్టులది 11.40 నుంచి 12.60 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ రంగు తీగ మీది 3.3 వోల్టులది 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. 24 పిన్నుల పెద్ద ప్లగ్గు వెనక నుంచి తీగ పక్కన ముల్లు దూర్చి కూడా ఇవే చూడవచ్చు. వేలాడే ప్లగ్గులో బాగుండి, బోర్డు దగ్గర మాత్రమే తక్కువగా ఉంటే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, వేడికి గోధుమరంగు తిరిగి వదులైన పిన్నుది.

ఆ పెద్ద ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి, అందులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ మంచిదని చెప్పే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దాని వల్ల అది ఆన్ అవుతుందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. లోడు లేకుండా 12 వోల్టులు చూపించి, లోడు పడగానే కుంగే యూనిట్లు మా ల్యాబ్‌లో ఎన్నో చూశాం. మీ విషయంలో ఆ పరీక్ష మీకు ఏమీ నేర్పదు.

ఇంకొకటి. ఈ బీప్‌లు ఉదయానికి సంబంధించినవా, లేక యంత్రం చాలాసేపు ఆగి ఉండడానికి సంబంధించినవా? ఒక సెలవు రోజున పగలంతా కట్టేసి ఉంచి సాయంత్రం మాత్రమే ఆన్ చేసి చూడండి. అదే సమయంలో గోడ ప్లగ్గు దగ్గర ఏసీ వోల్టేజి ఎంతో రాసుకోండి. మెయిన్స్ కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆయన చేత చేయించండి.

డీటీపీ_కర్నూలు (కర్నూలు) రాశారు:

మా ఎలక్ట్రీషియన్ మీటర్ తెచ్చి దగ్గరుండి చూశారు. చల్లగా ఉన్నప్పుడు, కార్డుతో, బీప్ కొడుతుండగా 12 వోల్టుల తీగ మీద 11.18 కనబడింది, 5 వోల్టులది 4.93. పెద్ద ప్లగ్గు వెనక చూసినా దాదాపు అవే అంకెలు. కార్డు తీసేస్తే చల్లగా ఉన్నప్పుడే 11.62. ఇక కార్డుతో పైకి వచ్చి గంటసేపు నడిచాక చూస్తే 11.55. ఆదివారం పగలంతా కట్టేసి సాయంత్రం ఆన్ చేస్తే అప్పుడూ బీప్‌లు వచ్చాయి. గోడ ప్లగ్గులో ఉదయం 228, సాయంత్రం 196 వోల్టులు ఉన్నాయి.

దీనితో సంబంధం ఉందో లేదో తెలియదు కాని, క్యాబినెట్ వెనక స్క్రూలు తాకితే సన్నగా జిల్లుమంటుంది. చెప్పులు లేకపోతే ఇంకా ఎక్కువ.

పెన్నా_తీరం (ప్రొద్దుటూరు) రాశారు:

సాయంత్రం 196 అంటే లో వోల్టేజే కదా. మా ఇంట్లో ఫ్రిజ్‌కు పెట్టినట్లు ఒక స్టెబిలైజర్ పెట్టేస్తే ఎస్‌ఎంపీఎస్ మీద భారం తగ్గి సమస్య పోతుందేమో. కొత్త ఎస్‌ఎంపీఎస్ కన్నా అదే చౌక అవుతుంది, పైగా ఇతర యంత్రాలకూ పనికొస్తుంది.

ల్యాబ్_అనంత (అనంతపురం) రాశారు:

పెన్నా_తీరం గారి సూచన మన ప్రాంతంలో సహజంగా తట్టేదే, కాని ఇక్కడి కొలతలు దానికి ఒప్పుకోవు. మెయిన్స్ వోల్టేజి బాగా ఉన్న ఉదయం బీప్‌లు వస్తున్నాయి; 196కు పడిపోయిన సాయంత్రం కూడా యంత్రం వేడిగా ఉంటే హాయిగా నడుస్తోంది. లోపం మెయిన్స్‌ది అయితే ఇది తలకిందులుగా ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ అన్నది వచ్చిన ఏసీని ముందుగా డీసీగా మార్చి, దాన్ని అతి వేగంగా కోసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, అవతలి వైపు వోల్టేజిని చూసుకుంటూ తనను తాను సర్దుకునే యంత్రం. లోపలికి వచ్చేది కొంత తగ్గినా బయటికి ఇచ్చేది నిలబెట్టడమే దాని పని. 100 నుంచి 240 దాకా అని రాసి ఉన్న రకాలకు స్టెబిలైజర్ అవసరమే లేదు. 115, 230 అంకెలున్న చిన్న ఎర్ర మీట వెనక ఉన్న పాత రకాలకు మెయిన్స్ మరీ పడిపోతే ఇబ్బందే. ఆ మీటను మాత్రం ఎవరూ పొరపాటున కూడా 115 వైపు తోయరాదు, తోసి ఆన్ చేస్తే యూనిట్ అక్కడికక్కడే పేలవచ్చు.

ఆగి ఉన్న తరువాతనే రావడం, వేడెక్కాక పోవడం, లోడు తగ్గితే పోవడం, 12 వోల్టులది 11.40 కన్నా కిందికి దిగడం, ఈ నాలుగూ ఒకే దిక్కు చూపుతున్నాయి. ఎస్‌ఎంపీఎస్‌లో వోల్టేజి బయటికి వచ్చే వైపు ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (విద్యుత్తును నిలువ చేసి వోల్టేజిని నిలకడగా ఉంచే, లోపల ద్రవం ఉన్న చిన్న డబ్బాలు) ఎండిపోయాయి. వాటిలోని ద్రవం తగ్గేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది మరీ ఎక్కువగా ఉంటుంది, వేడెక్కాక కొంత తగ్గుతుంది. వేసవి ఉదయం మనకు ఉక్కగానే ఉన్నా, నడుస్తున్న ఎస్‌ఎంపీఎస్ లోపలి వేడితో పోలిస్తే అది చల్లదనమే. పైగా మీటర్ చూపించేది సగటు మాత్రమే. దాని మీద ఎగిరిపడే అలలను మీటర్ చూపలేదు. 12 వోల్టుల మీద ఆ అలలు 120 మిల్లీవోల్టులు, 5 మీద 50 మిల్లీవోల్టులు దాటరాదని ప్రమాణం. ఎండిన కెపాసిటర్లతో అవి ఎన్నో రెట్లు పెరగడం ఆసిలోస్కోప్ మీద మేము విద్యార్థులకు చూపిస్తుంటాము. మరి అలాంటప్పుడు పవర్ గుడ్ సంకేతం ఎలా వచ్చింది అని అడగవచ్చు. చాలా యూనిట్లలో ఆ కాపలా 11.4 దగ్గర కాదు, ఇంకా బాగా కిందికి పడితేనే మేల్కొంటుంది; కొన్ని చౌక రకాల్లో అది ఏ కొలతా లేకుండా కొంత ఆలస్యంతో ఊరికే వచ్చేస్తుంది.

ఇక మీరు మామూలుగా ప్రస్తావించి వదిలేసిన ఆ జిల్లుమనే సంగతిని నేను వదలలేను. ఎస్‌ఎంపీఎస్ లోపల మెయిన్స్ వైపు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు పెట్టెకు రెండు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ తీగ సరిగా లేకపోతే ఆ రెండింటి నడుమ ఉన్న పెట్టె మీద మెయిన్స్‌లో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కాని మీ ప్లగ్గుకు ఎర్త్ లేదన్నది దాని అర్థం. రేపు లోపల ఫేజ్ తీగే పెట్టెకు తగిలితే అడ్డుకునేది ఏదీ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా ఈ జిల్లు పోదు. ప్లగ్గులో ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఎంత ఉందో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మొదటిది మెయిన్స్‌కు సమానంగా, రెండవది ఒకటి రెండు వోల్టుల్లో ఉండాలి.

రిపేరు_బల్ల (కడప) రాశారు:

కెపాసిటర్ల సంగతి చూడడానికి యూనిట్ విప్పనవసరం లేదు. వెనక జాలీలో నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే కొన్నింటి తలలు కనిపిస్తాయి. మంచివాటి తల బల్లపరుపుగా ఉంటుంది. ఉబ్బినా, గోధుమరంగు చెమ్మ కనబడినా దాని పని అయిపోయినట్లే. కనబడనంత మాత్రాన మంచివని కాదు, లోలోపల ఎండినవి పైకి మామూలుగానే ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వీటి ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గుతుందని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, రేకుల గదిలో, దుమ్ము పేరుకున్న క్యాబినెట్‌లో అవి ఎంతకాలం నిలుస్తాయో ఊహించవచ్చు. అందుకే 105 డిగ్రీల రకం కెపాసిటర్లున్న యూనిట్‌నే కొనమని నేను అందరికీ చెబుతాను.

ఇప్పుడు మీ యూనిట్ పక్కనున్న కాగితం చదవండి. 450 అన్న పెద్ద అంకెను వదిలేసి, 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. మీ గ్రాఫిక్స్ కార్డు స్లాటు నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి 75 వాట్లు, మొత్తం 150 దాకా తీసుకోవచ్చు. అంటే పన్నెండున్నర ఆంపియర్లు. ప్రాసెసర్ 95 వాట్ల రకమైతే ఇంకో ఎనిమిది. డిస్కులు, ఫ్యాన్లు వేరు. కాగితం మీద 12 వోల్టులకు 16 ఆంపియర్లే ఉంటే, అది 192 వాట్లే. మిగతా వాట్లన్నీ ఈ కాలపు యంత్రం పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల మీద చూపించి 450 అని రాస్తారు. రెండు 12 వోల్టుల వరుసలుంటే వాటిని కూడి లెక్కవేయరాదు, రెండూ కలిపి ఇంత అని కింద రాసిన పరిమితినే చూడాలి.

కొనే ముందు తెలిసినవారి దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి, మీ యంత్రానికి తగిలించి, రాత్రంతా ఆపి ఉదయం ఆన్ చేయండి. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

బండల_పాలిష్ (తాడిపత్రి) రాశారు:

ఆ కెపాసిటర్లు మాత్రమే మార్చి పాత యూనిట్‌నే వాడుకోలేమా? మా దగ్గర టీవీలు బాగు చేసే ఒకాయన మార్చి ఇస్తానంటున్నాడు. మా ఆఫీసులోనూ అలాంటిదొకటి ఉంది, రాతి దుమ్ము లోపల గట్టిపడి ఫ్యాన్ కూడా బరువుగా తిరుగుతోంది.

ల్యాబ్_అనంత (అనంతపురం) రాశారు:

చేతిలో విద్య ఉన్నవారు చేయగలరు, కాని మీరు స్వయంగా మాత్రం మూత తీయకండి. మెయిన్స్ వైపు పెద్ద కెపాసిటర్లలో 230 వోల్టుల ఏసీ సుమారు 325 వోల్టుల డీసీగా నిలువ ఉంటుంది. కొత్త రకాల్లో అది 380 దాకా పోతుంది. ప్లగ్గు తీసేసినా, దాన్ని ఖాళీ చేయవలసిన నిరోధకం తెగిపోయి ఉంటే ఆ నిలువ చాలాసేపు ఉండగలదు. అది ప్రాణం తీసే వోల్టేజి. దుమ్ము మాత్రం బయటి నుంచి బ్లోయర్‌తో ఊదించండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి పట్టుకోండి. రాతి పొడి చెమ్మ తగిలితే బోర్డు మీద పొరలా అంటుకుంటుంది కాబట్టి వానలు మొదలయ్యే లోపే ఆ పని చేయించండి. కెపాసిటర్లు మార్పించడం మంచి కంపెనీ యూనిట్‌కైతే గిట్టుబాటు కావచ్చు. 12 వోల్టుల బలమే లేని చౌక యూనిట్‌కు కొత్త కెపాసిటర్లు వేసినా ఆ బలం రాదు.

డీటీపీ_కర్నూలు (కర్నూలు) రాశారు:

అందరికీ ఫలితం చెప్పడం నా బాధ్యత. కాగితం మీద 12 వోల్టులకు సరిగ్గా 16 ఆంపియర్లే ఉన్నాయి. జాలీలో నుంచి చూస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపించాయి. మిత్రుడి ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలిస్తే తెల్లవారి మొదటి నొక్కుకే ఒక్క పొట్టి బీప్ కొట్టి విండోస్ వచ్చింది. ఆ నమ్మకంతో 12 వోల్టులకు 37 ఆంపియర్లు ఇచ్చే యూనిట్ కొన్నాను. చల్లగా, కార్డుతో, ఆన్ చేసిన వెంటనే కొలిస్తే 12.06 ఉంది. కార్డు, బోర్డు, ర్యామ్ అన్నీ పాతవే, అన్నీ బాగానే ఉన్నాయి.

ఎర్త్ విషయంలో ల్యాబ్_అనంత గారు చెప్పినదే నిజమైంది. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య 140 చూపించింది. ఎలక్ట్రీషియన్ వెతికితే, మీటర్ పెట్టె దగ్గరే ఎర్త్ తీగ తుప్పు పట్టి తెగి ఉంది. దాన్ని మార్చి, దుకాణం వెనక ఎండిపోయిన ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు కొత్తగా వేసి నీళ్లు పోయించాము. వేసవిలో తరచుగా నీళ్లు పోయమన్నారు. ఇప్పుడు స్క్రూలు తాకినా ఏమీ తెలియడం లేదు.

పెన్నా_తీరం (ప్రొద్దుటూరు) రాశారు:

ఈ చర్చ చదివాక మా ఇంటి కంప్యూటర్ గురించి అడగాలనిపించింది. దానికి బీప్‌లే లేవు. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే ఏమీ కాదు. ప్లగ్గు తీసి కాసేపాగి పెట్టి నొక్కితే మళ్లీ అంతే కదులుతుంది. దీన్ని ఎలా చూడాలి?

రిపేరు_బల్ల (కడప) రాశారు:

మీది వేరే దారి. కొత్త క్యాబినెట్లలో చాలావాటికి స్పీకర్ ఇవ్వడం లేదు కాబట్టి, బీప్ లేకపోవడం వల్ల ఏదీ తేలదు. ముందు ఒక చిన్న బజర్ కొని బోర్డు మీది స్పీకర్ పిన్నులకు పెట్టండి, దాని ధర చాలా తక్కువ. మీ బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న లైట్లు ఉంటే వాటిలో ఏది వెలిగి ఆగుతోందో చూడండి, అవీ బీప్‌ల పనే చేస్తాయి. ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగి, ప్లగ్గు తీసి పెట్టేదాకా స్పందించకపోవడం సాధారణంగా ఎక్కడో షార్ట్ ఉండి ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటున్నదానికి గుర్తు. ప్లగ్గు తీసి, డిస్కుల తీగలు, గ్రాఫిక్స్ కార్డు, ముందువైపు యూఎస్‌బీ తీగ ఒక్కొక్కటిగా తొలగిస్తూ, ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. ఏది తీసినప్పుడు ఫ్యాన్ నిలకడగా తిరిగిందో అక్కడ వెతకాలి. అన్నీ తీసినా అంతే అయితే, ప్రాసెసర్ పక్కనున్న నాలుగు లేదా ఎనిమిది పిన్నుల ప్లగ్గును ఊడదీసి చూడండి. అప్పుడు ఫ్యాన్ ఆగకుండా తిరిగితే షార్ట్ బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగంలో ఉంది, ఎస్‌ఎంపీఎస్ కొనవద్దు. అప్పటికీ ఆగిపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అట్టపెట్టె మీద పెట్టి, ఒక్క ర్యామ్‌తో ప్రయత్నించండి. బోర్డు కింద ఒక స్క్రూ జారిపడి లోహానికి తగులుతున్న సందర్భాలు మా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి.